శివారు ఊరికి అందితేనే అందినట్టు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల విషయాల మీద ఏర్పడిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజు ఆగస్టు 9. అందుకే 1994లో ఈ తేదీని మన రోజుగా ప్రకటించారు. ఏటా ఈ రోజున మనం భూమి గురించి, అడవి గురించి, కొమ్ము నృత్యం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం వారు హాస్టళ్లలో పనిచేసే మమ్మల్ని పిలిచి, "సెల్లు, కంప్యూటరు, ఇంటర్నెట్టు మన పిల్లలకు నిజంగా అందుబాటులోకి రావాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. రోజూ ఆ పిల్లల మధ్యనే ఉంటాం కాబట్టి మాకు కనబడేదే చెబుతాం.

గోదావరి జిల్లాల వాళ్లకు తెలిసిన పోలికతో మొదలుపెడతాం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ నీళ్లు పాపికొండల మధ్య నుంచి, మన కోయల, కొండరెడ్ల గూడేల పక్క నుంచి వచ్చి డెల్టా పొలాలకు పారతాయి. ప్రధాన కాలువ నిండుగా ఉన్నా, పంట బోదె పూడిపోతే శివారు ఆయకట్టు రైతుకు చుక్క నీరందదు. ఆ రైతును "కాలువలో నీళ్లున్నాయిగా" అని ఎవరైనా అంటే ఆయనకు ఎలా ఉంటుంది? ఇంటర్నెట్ విషయంలో మన పరిస్థితి అదే. దేశంలో నెట్ చవక, దేశమంతా టవర్లే అంటారు. మన ఊళ్లు శివారులో ఉన్నాయి.

శివారు దాకా చేరాలంటే నాలుగు విషయాలు చూడాలి. ధర మన కూలికి తగ్గట్టు ఉందా? నడిచి వెళ్లేంత దగ్గరలో ఉందా? మన భాషలో ఉందా? తెలియనిది పక్కన కూర్చుని చూపించే మనిషి ఉన్నారా? ఈ నాలుగింటిలో చివరిదాన్నే అందరూ మర్చిపోతున్నారని మా అభిప్రాయం.

ముందు యంత్రాల సంగతి చూద్దాం. పేదవాళ్ల కోసం చవక కంప్యూటరు చేయాలని మన దేశంలోనే మంచి ప్రయత్నం జరిగింది. బెంగళూరు శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరు తయారు చేశారు. 2004లో అది మార్కెట్లోకి వచ్చింది. ఒకే యంత్రాన్ని ఊళ్లో అందరూ వాడుకునేలా, ఎవరి వివరాలు వాళ్ల చిన్న స్మార్ట్ కార్డులో ఉండేలా ఆలోచించారు. చదువు రానివాళ్ల కోసం మన భాషల్లో చదివి వినిపించే ఏర్పాటు కూడా చేశారు. కానీ అమ్మకాలు కొన్ని వేలు దాటలేదు.

2005లో అమెరికా ప్రొఫెసర్ నికొలస్ నెగ్రొపాంటె పిల్లలకు వంద డాలర్ల ల్యాప్‌టాప్ ఇస్తామని ప్రకటించారు. తయారై వచ్చేసరికి ధర దాదాపు రెట్టింపయింది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం ఆ ల్యాప్‌టాప్‌లు లక్షల్లో కొని పల్లెల బడులకు పంచింది. తర్వాత 319 గ్రామీణ బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు చెప్పారు. పిల్లల చేతికి కంప్యూటర్లయితే వచ్చాయి గానీ, లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన ఆధారం కనబడలేదు. మన ప్రభుత్వమే 2011 అక్టోబరులో ఆకాశ్ అనే ట్యాబ్ విడుదల చేసింది. 35 డాలర్ల ట్యాబ్ అని ప్రపంచమంతా చెప్పుకున్నారు. తెర నెమ్మదిగా కదిలేది, బ్యాటరీ తొందరగా అయిపోయేది. ఆ పథకం ఎక్కువ కాలం నడవలేదు.

వీటిని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. యంత్రం చవకగా ఇవ్వడం అవసరమే. అయితే యంత్రం ఇచ్చి వెళ్లిపోతే ఏమవుతుందో ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాలాంటివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పలక ఇచ్చినంత మాత్రాన అక్షరాలు రావు. పక్కన కూర్చుని దిద్దించాలి.

ఆ దిద్దించే మనిషి ఉన్నప్పుడు ఏం జరిగిందో మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవా కేంద్రాలు మొదలయ్యాయి. అప్పటికి ఈ-సేవ అంటే హైదరాబాదు నగరం వాళ్లది. మన జిల్లాలో మాత్రం ఆ కేంద్రాలను మహిళా స్వయం సహాయక సంఘాల చేతికి ఇచ్చారు. కౌంటర్లో కూర్చున్నది మన డ్వాక్రా అక్కచెల్లెళ్లు. బిల్లులు కట్టించుకున్నారు, దరఖాస్తులు పంపారు. అక్షరం రాని ముసలమ్మ వచ్చి "ఏం రాయాలమ్మా?" అని అడగడానికి మొహమాటపడలేదు. అవతల కూర్చున్నది తన ఊరి కోడలే మరి! అంతకు రెండేళ్ల ముందు, 2000 జనవరిలో, మధ్యప్రదేశ్‌లో గిరిజనులు ఎక్కువగా ఉండే ధార్ జిల్లాలో జ్ఞానదూత్ అనే కేంద్రాలు పెట్టారు. అక్కడా ఊరి యువకులే నడిపారు. ఆ రోజుల్లో నెట్ వేగం ఎంత? ఇప్పటి సెల్లు ముందు అది ఎద్దుబండి. అయినా పని జరిగింది.

తర్వాత తీగ వచ్చింది. 2016 డిసెంబరులో కోనసీమలో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చారు. ఏపీ ఫైబర్‌నెట్ పేరుతో టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ కలిపి అప్పట్లో నెలకు 149 రూపాయలు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. అంత చవకగా ఎలా ఇవ్వగలిగారు? నేల తవ్వకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగారు. తవ్వకం ఖర్చు మిగిలింది. ఎవరి తెలివైనా మెచ్చుకోవాల్సిందే. సముద్రం ఒడ్డున ఉన్న మోరికి తీగ వెళ్లింది. మరి గోదావరికి ఎగువన ఉన్న గూడెం మాటేమిటి?

అక్కడికి టవర్లు ఆలస్యంగా వచ్చాయి. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం దేశంలో సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి వంద టవర్లు ప్రారంభించారు, వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అదే ఏడాది నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో కొండరెడ్ల వంటి తెగల గూడేలకు టవర్లు కూడా ఒక అంశం. ఇవన్నీ సంతోషించాల్సిన మాటలే. టవరు దగ్గరైన ఊరు ఒకటుంటే, కొండ మలుపు అవతల సిగ్నల్ అందని గూడెం ఇంకొకటి ఉంటుంది. మా పిల్లలు ఇంటికి ఫోను చేయాలంటే నాన్న ఫలానా చింతచెట్టు కిందికి ఎప్పుడు వస్తాడో తెలుసుకుని చేస్తారు.

సిగ్నల్ వచ్చిన ఊళ్లో ధర సంగతి చూద్దాం. దీన్ని మా పిల్లల చేత నల్లబల్ల మీద లెక్క కట్టించాం. 2024 జులైలో రేట్లు పెరిగాక, పెద్ద కంపెనీల దగ్గర నెట్‌తో కలిపి కనీస ప్యాకు 189, 199 రూపాయల దగ్గరికి చేరింది. అది నెలకు కాదు, 28 రోజులకు. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయించాలి. 189ని పదమూడుతో గుణిస్తే 2,457 రూపాయలు. ఇంట్లో రెండు ఫోన్లుంటే 4,914. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే రెండు ఫోన్లు బతికుండటానికి పదహారు రోజుల కూలి పోవాలి. ఆ ప్యాకులో వచ్చే నెట్ నెల మొత్తానికి 2 జీబీ. వీడియో పాఠాలు చూస్తే నాలుగైదు గంటల్లో అయిపోతుంది. ఫోను కొనడానికి ఆరేడు వేలు వేరే.

ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక లక్ష్యం పెట్టింది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో నెట్ ఖర్చు, ఒక మనిషి సగటు నెలాదాయంలో 2 శాతం లోపు ఉండాలని. ఆ లెక్కలో మన దేశం ఎప్పుడో పాసయింది. కానీ సగటులో నగరాల్లోని ఉద్యోగస్తుడి జీతం, పోడు రైతు ఆదాయం కలిసిపోతాయి. మన ఇళ్ల లెక్క మనం విడిగా కట్టుకుని అధికారుల ముందు పెట్టాలి. ఇంకొకటి కూడా తెలుసుకోండి. నెట్ అక్కర్లేని వాళ్ల కోసం మాటలకు, మెసేజీలకు మాత్రమే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. దుకాణంలో అడిగితేనే వాటి మాట చెబుతారు. అడగండి.

ఇక మా హాస్టలు సంగతి. ఇంటరు, డిగ్రీ, నర్సింగు చదివే ఆడపిల్లలకు ఇప్పుడు ప్రతి పనీ నెట్ మీదే. ఉపకార వేతనం, పరీక్ష ఫీజు, హాల్ టికెట్, కౌన్సెలింగులో కాలేజీ ఎంచుకోవడం అన్నీ అందులోనే. ప్రతిదానికీ ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఆధార్‌కు జతచేసిన నంబరుకు వెళ్తుంది. ఆ నంబరు నాన్నది. నాన్న కొండ మీద పోడులో ఉంటాడు, అక్కడ సిగ్నల్ ఉండదు. ఓటీపీ బతికేది పది నిమిషాలు. కొన్నిసార్లు ఆ నంబరే ఉండదు. రీఛార్జి లేక మూడు నెలలు మూలపడితే కంపెనీ దాన్ని తీసేస్తుంది, తర్వాత వేరెవరికో ఇస్తుంది. పిల్ల ఉపకార వేతనం ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో ఇరుక్కుంటుంది. మార్కులు తెచ్చుకున్న పిల్లకు మంచి కాలేజీలో సీటు ఈ కారణంగా చేజారితే, "ఆ అమ్మాయికి చదువు మీద శ్రద్ధ లేదు" అనే మాట వినబడుతుంది. అది మాకు చాలా బాధ.

అందుకే మేము హాస్టల్లో నంబర్ల పుస్తకం ఒకటి పెట్టాం. పిల్ల చేరిన రోజే రాసుకుంటాం. ఆధార్‌కు ఏ నంబరు ఉంది, అది ఎవరి దగ్గర ఉంది, సిగ్నల్ ఎక్కడ వస్తుంది, వాళ్ల ఊరివాళ్లు ఏ రోజు సంతకు వస్తారు. దరఖాస్తు పనులు సంత రోజుకే పెట్టుకుంటాం. ఆ రోజు నాన్న కిందికి దిగుతాడు, ఫోనుకు సిగ్నల్ ఉంటుంది. నంబరు పోయినవాళ్లను సెలవుల్లో ఆధార్ కేంద్రానికి పంపించి, పిల్ల పేరున సిమ్ము తీయించి, ఆ నంబరే జత చేయిస్తున్నాం. పైసా ఖర్చు లేని పుస్తకం ఇది. ఏ హాస్టలైనా రేపే మొదలుపెట్టవచ్చు.

ఓటీపీలో ఇంకో చిక్కు ఉంది. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు చెబుతారు. కానీ తండ్రి ఫోనులో చదివి చెప్పకపోతే కూతురి పని జరగదు. ఇలా చెప్పడం అలవాటైన మనిషిని మోసగాడు తేలిగ్గా పట్టేస్తాడు. కాబట్టి మా పిల్లలకు ఒకటి నేర్పాం. ఇంట్లోవాళ్లతో ఒక మాట ముందే అనుకోవాలి. కోయ ఇళ్లవాళ్లు కోయలోనే అనుకుంటారు. ఆ మాట పలికితేనే నాన్న అంకెలు చెప్పాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఈ నంబరు ఈ హాల్లో అందరూ గుర్తుపెట్టుకోండి.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో ఒక్క స్మార్ట్‌ఫోను ఉంటే అది అన్న చేతిలో ఉంటుంది. 2020లో బడులు, హాస్టళ్లు మూసేసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు, ఫోనుల్లో పాఠాలు పంపారు. అన్న ఫోను తీసుకుని బయటికెళ్తే చెల్లి పాఠం అక్కడితో ఆగింది. "ఆడపిల్లకు ఫోను ఇస్తే చెడిపోతుంది" అనే తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తారు. వాళ్ల భయాన్ని మేము కొట్టిపారేయం. అందుకే ఫోను కంటే ముందు గది కావాలంటాం. నలుగురు కలిసి కూర్చుని, పెద్దవాళ్ల కళ్ల ముందు నేర్చుకునే గది. మా దగ్గర పాత కంప్యూటర్లు రెండు ఉన్నాయి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు వేయించాం, లైసెన్సు ఖర్చు లేదు. పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు ఒకసారి దించి పెట్టుకుంటాం. నెట్ పోయినా చదువు ఆగదు. డిగ్రీ చదివే పిల్లలు సాయంత్రం ఒక గంట వంతులవారీగా చిన్న పిల్లలకు నేర్పుతారు. మొదటి పాఠం వీడియో చూడటం కాదు, తన దరఖాస్తు తానే నింపడం. అది వస్తే నెట్ సెంటరుకు ప్రతిసారీ యాభయ్యో వందో ఇవ్వక్కర్లేదు, తన వివరాలు పరాయి చేతిలో పెట్టక్కర్లేదు.

భాష సంగతి చెప్పి ముగిస్తాం. గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల కిందటే సవర నేర్చుకుని, ఆ భాషకు వాచకాలు, నిఘంటువు, వ్యాకరణం తయారు చేశారు. ఇవాళ గిడుగు పేరుతో కంప్యూటర్లో వాడే తెలుగు ఫాంటు కూడా ఉంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, సవర, గోండి సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలతో బోధన మొదలుపెట్టారు. మన వైపు కోయను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం కాబట్టి, ఫోనులో ఉన్న తెలుగు కీబోర్డే సరిపోతుంది. కొత్తది కొనే పని లేదు. రాయడం రాకపోతే గొంతు ఉంది. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. బటన్ల ఫోనుతో ఒక నంబరుకు ఫోను చేసి, గోండిలో తమ ఊరి కబురు చెబితే అది రికార్డయ్యేది, మిగతావాళ్లు ఫోను చేసి వినేవారు. బోరు పాడైన సంగతి, కూలి రాని సంగతి అలా అధికారుల దాకా వెళ్లాయి. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. సమాచార సాంకేతికం అంటే మనకు చేరేది మాత్రమే కాదు, మన మాట బయటికి చేరడం కూడా.

2025 జనవరి 30న మన రాష్ట్రంలో మనమిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు ఇవ్వడం మొదలైంది. నెట్ ఉన్నవాడికి ఎంతో మేలు, ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పింది. అయితే సేవలన్నీ ఫోనులోకి వెళ్లేకొద్దీ ఫోను లేనివాడు ఇంకా వెనకపడతాడు. 2024లో ప్రపంచంలో 260 కోట్ల మంది ఇంకా ఇంటర్నెట్ వాడటం లేదని అంతర్జాతీయ టెలికం సంఘం లెక్క చెప్పింది. వాళ్లలో మన గూడేల అవ్వలూ తాతలూ ఉన్నారు.

కాబట్టి సంఘాన్ని మేము నాలుగు కోరుతున్నాం. ఒకటి, ప్రతి గిరిజన హాస్టల్లో ఒక కంప్యూటరు గది కోసం, దానికి నెట్ కోసం ఐటీడీఏలకు అర్జీ పెట్టండి. సెలవు రోజుల్లో ఆ గదిని తల్లిదండ్రులకు కూడా తెరుద్దాం. రెండు, గ్రామ సచివాలయం ఉన్న చోట దరఖాస్తుల కాలంలో కోయ తెలిసిన మన పిల్ల ఒకరు పక్కన కూర్చునేలా చూడండి. దారి ఖర్చు సంఘం ఇస్తే చాలు. మూడు, పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు పక్కన పెట్టేసిన ల్యాప్‌టాప్‌లు పోగుచేసి బాగుచేయించండి. నాలుగు, పెద్దల పాటలు, కథలు, మందుమొక్కల పేర్లు వాళ్ల అనుమతితో వాళ్ల గొంతులోనే రికార్డు చేసే పని మా పిల్లలకు అప్పగించండి. ఫోను పట్టుకున్న మనవరాలు అవ్వ పక్కన కూర్చోవడానికి అదో కారణం అవుతుంది.

అమ్మలకు ఒక్క మాట. మీరు వచ్చే సంతకు దిగినప్పుడు మీ ఫోను నంబరు, ఆధార్‌కు ఉన్న నంబరు ఒకటేనా కాదా చూపించుకోండి. కాదంటే మా దగ్గరికి రండి. కూర్చోబెట్టి చేయిస్తాం. అందుకే ఉన్నాం.

జై ఆదివాసీ. సెలవు.